పూలతోటలో నొక యుదయము

మన యిండ్లకు ప్రతిదినము పూలు వచ్చుచున్నవి. వీథిలో బుట్ట దింపిన పూలమ్మిని పిలిచి, మూర యెంతయని యడిగి, ఆమె మూర మన మూరకన్న పొట్టిదని వాదించి, రెండు మూడు రూపాయలు తగ్గించుకొని తలలో ముడుచుకొందుము. అవి యే తోటలో పూచినవో, ఏ వేళ నెవరి చేతులు వానిని కోసినవో మన మడుగము. నేనును అడిగినదానను కాను. ముప్పదియైదేండ్లు వచ్చువరకు నాకు పూవనిన కావ్యములోని వర్ణనయో, బుట్టలోని మూరయో, అంతియే. మొన్నటి కార్తికమాసములో పెనుకొండకును హిందూపురమునకును నడుమనున్న యొక తోటలో నా చేతులార పూలు కోసికొన్న పిమ్మట నా తలంపు మారినది. ఆ సంగతి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా వారు పెనుకొండలో ఉపాధ్యాయులు, లెక్కలు చెప్పుదురు. వారి ఆరవ తరగతిలో నొక బాలిక వారమునకు మూడు దినములు మొదటి గంట గడచిన పిదపనే వచ్చుననియు, వచ్చి బల్లమీద తల వాల్చి నిద్రించుననియు వారు ఇంట రెండు మూడు మారులు విసుగుకొనిరి. “రాత్రి యంతయు సెల్‌ఫోను చూచుచు కూర్చుండును కాబోలు” నని నేనంటిని. ఆలోచింపక యన్న మాట యది.

క్షీరాబ్ధిద్వాదశి సమీపించినది. తులసికోటకు పూలు కావలెనని మా వారు మాటవరుసకు తరగతిలో ననగా ఆ పిల్లయే లేచి, “మాకు పూలతోట ఉండాది సార్. అమ్మను పిల్చుకొని రాండి, కావాల్సినన్ని కోసుకోవచ్చు” అనెనట. ఇంగ్లండు, అమెరికా దేశములలో కొందరు తోటవారు వచ్చినవారి చేతికి కత్తెరయు నీళ్లపాత్రయు నిచ్చి, ఎవరి పూలగుత్తి వారే కోసికొని వెల యిచ్చి పోవునట్లు చేయుదురు. అక్కడ నది సెలవుదినపు వేడుక. ఈ తోటవారికి అట్టి యేర్పాటులు లేవు. అయినను పండుగ దినములలో చుట్టుప్రక్కల యాడువారు వచ్చి, కావలసినన్ని కోసికొని, తూకమునకు డబ్బిచ్చి పోవుట కలదట.

ద్వాదశికి ముందటి ఆదివారమున తెల్లవారుజామున నాలుగున్నరకే ఆటోలో బయలుదేరితిమి. చీకటిలో పెనుకొండ కొండ నల్లని గోడవలె నిలిచియున్నది. 1565లో తల్లికోట యుద్ధమున విజయనగరము పడిన పిదప అరవీటి రాజులకు రాజధాని యైనది మా యీ యూరే. గగనమహలు నేటికిని నిలిచియున్నది; బాబయ్య దర్గాకు భక్తులు నేటికిని పూలచాదరులు సమర్పించుచున్నారు. ఇప్పటి పెనుకొండకు మరియొక పేరును కలదు: 2019 మొదలు ఇచటి కియా కర్మాగారమున కార్లు తయారగుచున్నవి. రాజ్యములు మారినను, పరిశ్రమలు వచ్చినను పూవు లేని దినము లేదు.

మాది వానలు తక్కువగా కురియు సీమ. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసిన అది మంచి యేడు. అట్టిచోట పూలతోట లెట్లు నిలుచునని మీకు సందేహము కలుగవచ్చును. బోరుబావి నీటిని గొట్టముల ద్వారా బొట్టుబొట్టుగా మొక్క మొదటికే పారించుటవలన కొద్ది నేల తడియుచున్నది. హిందూపురమునుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే; కోసిన పూవు వాడకమునుపే పెద్ద పేట చేరగలదు. ఇవి రెండు కారణములు. మూడవది యింటిలోని చేతులు. దానిని నేను తోటలోనే తెలిసికొంటిని.

మేము పోవునప్పటికి తోటలో చిన్న చిన్న వెలుగులు కదలుచుండెను. దగ్గరకు పోయి చూడగా, నొసట దీపములు కట్టుకొని ఆ యింటి యజమానుడు, అతని భార్య, తల్లి, ఆ బాలిక వంగి పూలు కోయుచున్నారు. తోట యెకరమున్నర. సగము కనకాంబరము, తక్కినది చేమంతియు బంతియు. గట్టు కావల పొరుగువారి మల్బరితోట. దాని పట్టుగూళ్లు హిందూపురపు విపణికి పోవును.

ముసలమ్మ నాకొక చిన్న గంప యిచ్చి, “అయ్యోరమ్మా, గోరు తగలనీకుండా కోయండి. గోరు తగిల్తే నల్లబడతాది” అనెను. కనకాంబరము వెన్నునకు అడుగునుండి పైకి వరుసగా పూయును. విడిచిన పూవును మాత్రము తీసి, పై మొగ్గలను కదల్పరాదు. ఒక పూట విడిచిన పూలు కోసిన పిదప తరువాతి వరుస విచ్చుటకు మరియొక దినము పట్టును. కావున దినము విడిచి దినము కోత. “ఇది ఢిల్లీ కనకాంబరం. దీనికి విత్తనం రాదు, కొమ్మ నాటాల” నియు ముసలమ్మ చెప్పెను. నాటిన రెండు మూడు నెలలకు పూతకు వచ్చి, కాపాడుకొన్నచో రెండు మూడేండ్లు పూయునట.

దినము విడిచి దినము! వారమునకు మూడు దినములు బడికి ఆలస్యమగుటకు కారణము నాకు అప్పుడు తెలిసినది. మా వారు నావంక చూచిరి. నేను తల వంచుకొని పూలు కోయసాగితిని.

గంటసేపు కోసితిని. నడుము వంగిపోయినది, వ్రేళ్లు మంచుకు బిగిసినవి, గంప మాత్రము నిండలేదు. తూచిన డెబ్బది గ్రాములు. కనకాంబరము మిక్కిలి తేలికయైన పూవు. కిలోకు సుమారు 15,000 పూలు తూగును. “అట్లయిన నే నెన్ని పూలు కోసితిని?” అని నవ్వుచు ఆ పిల్ల నడిగితిని. చేతులాపకుండగనే “వెయ్యిన్ని యాభై” అనెను. లెక్కల గంటలో నిద్రించు పిల్ల యిదియే! “మరి బడిలో నిద్ర యెందుకమ్మా?” అని మా వారడుగగా, “లెక్కలు మొదటి గంట కదా సార్. అప్పుడే వస్తాది నిద్ర” అనెను. మే మందరమును నవ్వితిమి. నవ్విన పిదప ఎవరును కొంతసేపు మాటాడలేదు.

ఎండ వచ్చినంతనే చేమంతుల వైపు పోతిమి. చేమంతి పగళ్లు తగ్గి రాత్రులు పెరిగినప్పుడే మొగ్గ తొడుగు స్వభావము గలది. అందుచేతనే దసరా మొదలు సంక్రాంతి వరకు దాని రాజ్యము. కాలము కానికాలమున పూయించుటకై కొందరు రైతులు చేలలో రాత్రులు విద్యుద్దీపములు వెలిగించి మొగ్గను వాయిదా వేయుదురు. నేను దండకు కొన్నియు, కాడలతో గుత్తికి కొన్నియు కోసితిని. గుత్తి కట్టదలచిన సోదరీమణులు ఇవి గమనింపవలెను: ప్రొద్దున చల్లనివేళ కోయవలెను, కాడ చివర ఏటవాలుగా కత్తిరింపవలెను, నీటిలో మునుగు ఆకులను తీసివేయవలెను, నీటిని ప్రతిదినము మార్చుచు కాడ చివర కొంచెము కొంచెము కత్తిరించుచుండవలెను. ఇట్లు చేసినచో చేమంతి వారము దినములు నిలుచును. కట్టిన దండలను తడిగుడ్డలోనో అరటాకులోనో చుట్టి యుంచుట మేలు.

వెల యీయబోగా ముసలమ్మ “మీ కాడ దుడ్డు తీసుకుంటామా?” యని చేతులు వెనుకకు లాగుకొనెను. పేట ధరకు తగ్గకుండ లెక్కగట్టి, ఆ గంపలోనే పెట్టి వచ్చితిని. పేట ధర యనిన నొకటి కాదు. పండుగకు ముందునాడు ఆకాశమునంటును. మరునాడు కోతకూలికి కూడ చాలదు. పూలబండి పోవునప్పుడు వీరికి ధర తెలియదు. మండీలో అమ్ముడై, కమీషను పోగా మిగిలిన దెంతయో తరువాత తెలియును. అమ్ముడుపోని పూలను రైతులు దారిప్రక్క పారబోయుటయు కలదు. కూలివారిని పెట్టినచో తోట నిలువదు. కావున ఇంటిలోని చేతులే తోటకు ఆధారము. ఆ చేతులలో మిక్కిలి చిన్నవి ఈ పదునొకండేండ్ల పిల్లవి.

తల్లి నాతో మెల్లగా, “వచ్చే ఏడు బడి మాన్పించాలేమో అమ్మా. అవ్వకు నడుం పట్టుకునింది” అనెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు పిల్లలకు చదువు హక్కని 2009లో చట్టము వచ్చినదని నేను చెప్పితిని. ఆమె కోపింపలేదు. “చట్టం బాగుందమ్మా. పూలు ఆదివారందాకా ఆగవు కదా” అనెను. దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

మా నాయనగారియొద్ద నేను కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చదువుకొంటిని. విష్ణుచిత్తుని యింట పెరిగిన గోదాదేవి స్వామికి కట్టిన మాలను ముందు తాను ముడిచి పిదప నిచ్చెను. గ్రంథమునకు పేరే దానివలన వచ్చినది. ఆ కథ తలంపునకు వచ్చి చూతును గదా, వేలకొలది పూలు కోసిన ఈ పిల్ల తలలో నొక్క పూవైనను లేదు. ఏల యని యడిగితిని. “ముందు బండి పోవల్ల కదమ్మా. మిగిల్తే పెట్టుకుంటాం” అనెను. నేను కోసిన వానిలోనుండి ముసలమ్మ చేతనే నాలుగు వ్రేళ్లు కట్టించి ఆ పిల్ల జడలో పెట్టితిని.

నా పుట్టినిల్లు ధర్మవరము. పట్టుచీర వెల చెప్పునపుడు పట్టు వెల, జరీ వెల, నేతకూలి చెప్పుదురు గాని, మగ్గము ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టిన ఇల్లాలి చేతికి వేరుగ వెల కట్టుట నేను చూడలేదు. పూలమూర విషయమును అట్టిదేయని ఇంటికి వచ్చునప్పుడు నాకు తోచినది. ఇంటివారి శ్రమ లెక్కకు రాదు గనుకనే అది మనకు చవుకగా దొరకుచున్నది.

మరునాడు మా వారు ప్రధానోపాధ్యాయులతో మాటాడి ఆ తరగతి లెక్కల పాఠమును మధ్యాహ్నమునకు మార్పించిరి. ఆ మూడు దినములు తప్పిపోయిన మొదటి గంట పాఠమును సాయంకాలము బస్సు వచ్చులోపల మా యింటి అరుగుమీద నేను చెప్పుచున్నాను. బడి మాన్పనని తల్లి మాట యిచ్చినది. కోత మాన్పుట మాత్రము తన చేతిలో లేదనెను. అది నిజమే. ఇంతకుమించి మేము చేయగలిగినది లేకపోయినది.

సోదరీమణులారా! మీ యూరి ప్రక్కను పూలతోట యున్నచో ఒక్క తెల్లవారుజామున పిల్లలను వెంటబెట్టుకొని పోయి, వారి యనుమతితో ఒక గంట మీ చేతులార పూలు కోసి చూడుడు. గుత్తియు దక్కును, వేడుకయు దక్కును. మరునాడు వీథిలో పూలమ్మి బుట్ట దింపినపుడు ఆమె మూరను మీ మూరతో కొలువబుద్ధి పుట్టదు. నాకు పుట్టుట లేదు.