వేడిని మోసికొనిపోవు గొట్టము

ఇడ్డెనల పాత్ర మూత తీయునపుడు చేతికి ఆవిరి తగిలిన బాధ మీ రెరుగనిది కాదు. మరుగునీటికంటె ఆవిరి యెక్కువగా గాల్చుటకు కారణ మున్నది. మంచువలె చల్లనైన గ్రాము నీటిని మరుగువరకు దెచ్చుటకు 100 కాలరీల వేడి చాలును. ఆ మరుగునీటిని ఆవిరిగా మార్చుటకు సుమారు 540 కాలరీలు కావలెను. ఆ వేడి యంతయు ఆవిరియందు దాగియుండి, చల్లని మూతకో చేతికో తగిలి నీరైనపుడు బయలుపడును.

ఈ ధర్మమునే యాధారముగా గొన్న చిన్న సాధన మొకటి మన పిల్లలు వాడు అనేక లాప్‌టాపులలో నున్నది. దానిని హీట్ పైప్ అందురు, ఉష్ణనాళ మనవచ్చును. అది రెండు కొనలు మూసిన సన్నని రాగిగొట్టము. లోపలి గాలిని దీసివేసి కొద్దిపాటి శుద్ధజలము నుంచెదరు. లోపలి గోడకు రాగిపొడితో జేసిన, సన్నని రంధ్రములుగల పొర యుండును. గాలి లేనందున నీరు 100 డిగ్రీలకై వేచియుండక కొలది వేడికే యావిరియగును. చిప్పు వేడెక్కినంతనే ఆ కొనయందలి నీరు ఆవిరియై రెండవ కొనకు బోయి, అచటి లోహపు రేకులకు వేడి నప్పగించి మరల నీరగును. చిన్న పంకా ఆ వేడిని వెలికి ద్రోయును. నీరు మాత్రము, ప్రమిదలోని నూనె వత్తినంటి పైకెక్కునట్లు, ఆ పొరవెంట మొదటి చోటికి వచ్చును. గొట్టములో తిరుగు యంత్రము లేదు; దానికి కరెంటుతో బనిలేదు.

అమెరికాలో జనరల్ మోటార్సువారి రిచర్డ్ గాగ్లర్ ఇట్టి సాధనమునకు 1944లో పేటెంటు పొందెను. అది చాలకాలము మరుగున బడియుండెను. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవర్ దీనిని స్వతంత్రముగా మరల కనిపెట్టిన పిమ్మటనే ప్రసిద్ధి కెక్కినది.

అయితే యొక సంగతి గమనింపవలెను. ఈ గొట్టము వేడిని చంపదు, మోయును. దించుటకు చోటు లేనిచో మోసియు ఫలము లేదు. లాప్‌టాపును పరుపుమీద బెట్టి చదువు పిల్లలకు మేమెన్నిమారులు చెప్పినను వినరు గాని, పరుపు గాలిద్వారములను మూసివేయగా గొట్ట మేమి చేయగలదు? బల్లమీద నుంచుడు, ద్వారములలో దుమ్ము చేరనీయకుడు.

మిద్దెమీది సౌరఫలకముల మాటయు నిట్టిదే. ఎండ ముదిరినకొలది కరెంటు పెరుగునని పలువురి తలంపు. ఫలకమునకు కావలసినది వెలుతురు; వేడి దానికి శత్రువు. 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి 0.3 మొదలు 0.5 వరకు తగ్గును. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఫలకము 60 డిగ్రీలకు వేడెక్కినచో, డిగ్రీకి 0.4 చొప్పున 400 వాట్లలో 56 వాట్లు పోవును. ఫలకముల వెనుక ఉష్ణనాళములు తగిలించి చల్లబరచు ప్రయోగములు జరిగినవి. అవి చల్లబరచుట నిజమే. కాని గృహస్థుల ఫలకములకు ఆ రాగిఖర్చు తగదని మా యభిప్రాయము. మిద్దెకును ఫలకమునకును నడుమ గాలి యాడుటకు చోటు విడుచుట మేలు. మిట్టమధ్యాహ్నము చన్నీరు గ్రుమ్మరింపరాదు, అద్దము బీటవారును, తెల్లవారుజామున కడుగుడు.

ఉష్ణనాళము మిద్దెమీద చక్కగా నక్కరకు వచ్చునది స్నానపు నీటికి. గాజుగొట్టముల సౌర హీటర్లలో కొన్నిటియందు ఎండవేడిని పైతొట్టిలోని నీటికి జేర్చునది యిదియే. వానిలో చల్లారిన ద్రవము తన బరువుతోనే క్రిందికి జారవలెను గాన, గొట్టములను బల్లపరుపుగా గాక ఏటవాలుగా బిగించుచున్నాడా లేదా యని పనివాడు మిద్దె దిగకమునుపే చూచుకొనుడు.