ఈ-రిక్షా: '48 వోల్టుల'తో మోసపోవద్దు

న్యూఢిల్లీ: రాజధానిలో మెట్రో స్టేషన్ల నుంచి ఇరుకు వీధుల్లోకి ప్రయాణికులను చేరవేస్తున్న ఈ-రిక్షాల యజమానులకు పెట్రోలు ఖర్చు లేదన్న మాటే గానీ, బ్యాటరీల మార్పిడి పెనుభారంగా పరిణమిస్తోంది. వోల్టేజిని సక్రమంగా పరీక్షించుకుంటే ఈ భారాన్ని కొంతకాలం వాయిదా వేయవచ్చు.

2014 జులైలో ఢిల్లీ హైకోర్టు నిషేధానికి గురైన ఈ వాహనాలకు 2015 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం చట్టబద్ధత కల్పించింది. వీటిలో అనేకం లెడ్-యాసిడ్ బ్యాటరీలతో నడుస్తున్నాయి. 12 వోల్టుల బ్యాటరీలు నాలుగింటిని శ్రేణిలో కలుపుతారు గనుక దీనిని 48 వోల్టుల ప్యాక్‌గా వ్యవహరిస్తారు.

చిక్కంతా ఈ అంకెతోనే వస్తోంది. మీటరు 48 చూపితే ప్యాక్ నిండుగా ఉన్నదని భావించడం పొరపాటు. పూర్తిగా ఛార్జి అయి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న ఒక్కో బ్యాటరీలో సుమారు 12.7 వోల్టులు, అంటే మొత్తం 50.8 వోల్టులు ఉండాలి. అదే స్థితిలో 48 మాత్రమే కనిపిస్తే మిగిలిన శక్తి దాదాపు నాలుగో వంతే. అలా పదేపదే నడిపితే లోపలి పలకలపై సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది.

మొత్తం వోల్టేజిని చూసుకున్నంత మాత్రాన సరిపోదు. మూడు బ్యాటరీలు 12.7 వోల్టుల చొప్పున, నాలుగోది 11.9 చూపినా మొత్తం 50 అవుతుంది. బలహీనమైన ఆ ఒక్కటీ ముందుగా అడుగంటి, వాహనాన్ని నడివీధిలో నిలిపివేస్తుంది. అందువల్ల ప్రతి బ్యాటరీని విడివిడిగా పరీక్షించాలి.

ఛార్జింగ్ తుదిదశలో ప్యాక్ వోల్టేజి 57 నుంచి 59 వరకు పెరగడం సహజం. ఛార్జర్ కలిపినా అంకె పెరగకుంటే ఛార్జర్, ఫ్యూజు, వైర్లలో లోపాన్ని అనుమానించాలి. ఛార్జర్ తీసిన వెంటనే కనిపించే అంకె అసలు కంటె ఎక్కువగా ఉంటుంది గనుక దానిని ప్రమాణంగా తీసుకోరాదు. ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కాబట్టి గాలి ఆడే చోటనే, నిప్పుకు దూరంగా ఈ పని జరగాలి. ఛార్జింగ్ పూర్తయిన తర్వాత అవసరాన్నిబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.

కాగా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ లెక్కలు వర్తించవు. వాటి వోల్టేజి చాలాసేపు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది గనుక మిగిలిన శక్తిని మీటరుతో అంచనా వేయడం కష్టం.

నాలుగు అంకెలను వారానికొకసారి పుస్తకంలో రాసుకుంటే బలహీనపడుతున్న బ్యాటరీ ముందుగానే బయటపడుతుంది. వారంటీ గడువు మిగిలి ఉండగానే డీలరును ఆశ్రయించే వీలు కలుగుతుంది. రోజు సంపాదనపై ఆధారపడిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.