విషాద నాటకం - ఆరు అంగాలు

దుఃఖాన్ని ఎవరూ కోరుకోరు. అయినా రంగస్థలం మీద మరొకరి దుఃఖాన్ని చూడడానికి జనం ఎందుకు వెళతారు? ఈ ప్రశ్నను లోతుగా పరిశీలించినవాడు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322). విషాద నాటకానికి, అనగా ట్రాజెడీకి, ఆరు అంగాలు ఉంటాయని ఆయన ‘పొయెటిక్స్’ అనే గ్రంథంలో చెప్పాడు. అవి ఇతివృత్తం, శీలం, ఆలోచన, పదరచన, గానం, దృశ్యం.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ నగరంలో డయొనైసస్ దేవుని ఉత్సవాలలో ఈ నాటకాల పోటీలు జరిగేవి. నటులు ముఖాలకు తొడుగులు ధరించేవారు. ‘కోరస్’ అనే బృందం ఆడుతూ పాడుతూ కథను వ్యాఖ్యానించేది. గానం, దృశ్యం అనే అంగాలు ఇలా ఏర్పడ్డాయి. ఈస్కిలస్, సోఫోక్లిస్, యురిపిడిస్ ఆనాటి ప్రసిద్ధ నాటకకర్తలు.

నాటకానికి ఇతివృత్తమే ప్రాణమని అరిస్టాటిల్ అభిప్రాయం. సోఫోక్లిస్ రచించిన ‘ఈడిపస్ రాజు’ నాటకం ఇందుకు చక్కని ఉదాహరణ. థీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తుంది. పూర్వపు రాజు లేయస్‌ను చంపినవాణ్ణి శిక్షిస్తేనే ఆ పీడ తొలగుతుందని దైవవాణి తెలుపుతుంది. హంతకుణ్ణి పట్టి తీరుతానని ఈడిపస్ ప్రతిన పూనుతాడు. ఇంతలో కొరింత్ నుంచి వచ్చిన వార్తాహరుడు అతని భయం పోగొట్టబోయి, అతడు పెంపుడు బిడ్డ అన్న రహస్యం బయటపెడతాడు. మేలు చేయబోయిన మాట కీడుగా మారింది. ఇదే ‘విపర్యయం’. ఇక విచారణ ఆపమని రాణి జొకాస్టా వేడుకున్నా ఈడిపస్ ఆపడు. ఈ నిర్ణయంలో అతని శీలం, అతని వాదనలో ఆలోచన, దానిని పలికే తీరులో పదరచన కనిపిస్తాయి. చివరకు తాను వెతుకుతున్న హంతకుడు తానేననీ, లేయస్ తన కన్నతండ్రి అనీ అతనికి తెలుస్తుంది. ఇది ‘గుర్తింపు’.

నాయకుడు దుర్మార్గుడైతే అతని పతనం చూసి మనం జాలిపడం. ఏ లోపమూ లేనివాడు పతనమైతే మనసు ఎదురు తిరుగుతుంది. మంచివాడే ఏదో పొరపాటు వల్ల పడిపోయినప్పుడు అతనిపై జాలి, మనకూ ఇట్లా జరగవచ్చునన్న భయం కలుగుతాయి. ఈ భావాల ప్రక్షాళననే అరిస్టాటిల్ ‘కెథార్సిస్’ అన్నాడు. దుఃఖాన్ని చూడడానికి జనం ఎందుకు వెళతారన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

సంస్కృత నాటక సంప్రదాయం మంగళాంతాన్నే కోరుతుంది. అయినా నేటి కర్ణాటకలోని బళ్లారిలో నాటకాలు రాసి ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రచించి, తెలుగులో విషాదాంత నాటకానికి బాట వేశారు.