ఎటు తోస్తే అటు తిరిగే ఫ్యాను

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో సీలింగ్ ఫ్యాను స్విచ్ వేస్తే 'హుమ్' అని మూలుగుతుందట గానీ కదలదట. చీపురు కర్రతో రెక్కను కాస్త తోస్తే మెల్లగా అందుకుంటుందట. అసలు వింత ఏమిటంటే, కుడికి తోస్తే కుడికి, ఎడమకు తోస్తే ఎడమకు తిరుగుతుందట! ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చాడు, ఫ్యాను బాగుపడింది. 'ఆ కండెన్సర్ చేసేదేమిటి? అది పోతే ఫ్యానుకు దిక్కు ఎందుకు తెలియదు?' అన్నది ఆమె ప్రశ్న. ఇలాంటి ప్రశ్న చేతికి వచ్చాక ఈ నెల ఇంకేదీ రాయబుద్ధి కాలేదు.

మొదటి పాఠాలు గబగబా చెప్పేస్తాను. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని 1820లో ఎర్‌స్టెడ్ చూపించాడు. కరెంటు పారే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పవచ్చని మరుసటి ఏడాది ఫారడే చూపించాడు. పిల్లల బొమ్మ కారులో ఉండే మోటారు ఈ రెండింటితోనే నడుస్తుంది. బ్యాటరీ కరెంటు బ్రష్‌ల ద్వారా లోపల తిరిగే తీగచుట్టకు అందుతుంది. అర చుట్టు తిరిగినప్పుడల్లా కరెంటు దిశ మారుతుంది కాబట్టి చుట్ట ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మామూలు సీలింగ్ ఫ్యాను విప్పి చూడండి. బ్రష్‌లు కనబడవు. రాగి తీగలన్నీ మధ్యలో, కప్పుకు బిగించిన కడ్డీని పట్టుకుని ఉన్న కదలని భాగం మీదే ఉంటాయి. తిరిగేది బయటి డొప్ప. దాని లోపలి అంచున ఇనుప రేకుల వలయం, ఆ వలయం గాడుల్లో పోతపోసిన అల్యూమినియం కడ్డీలు, వాటి కొసలను కలుపుతూ రెండు పక్కలా అల్యూమినియం ఉంగరాలు. అంతే. ఈ తిరిగే భాగానికి, అంటే రోటర్‌కు, బయటి నుంచి ఒక్క తీగ కూడా వెళ్ళదు. కరెంటు అందని లోహం ఎలా తిరుగుతుంది?

ఈ చిక్కు ఫ్యాను కంటే చాలా పాతది. 1824లో ఫ్రాన్స్‌లో అరాగో ఒక రాగి పళ్ళేన్ని గిర్రున తిప్పి, దాని పైన దిక్సూచి ముల్లును వేలాడదీశాడు. రాగికి అయస్కాంతం అంటుకోదు. అయినా ముల్లు పళ్ళెం వెంట తిరగసాగింది. మరుసటి ఏడాది లండన్‌లో బాబేజ్, జాన్ హెర్షెల్ దీన్ని తిరగేసి, కింద గుర్రపు నాడా అయస్కాంతాన్ని తిప్పారు. పైనున్న రాగి పళ్ళెం దాని వెంట తిరిగింది. మన ఫ్యానులో జరిగేది సరిగ్గా ఇదే! లెక్కలు కట్టే యంత్రానికి రూపకల్పన చేసిన బాబేజ్ ఈయనే. హెర్షెల్ పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. ఇద్దరూ కలిసి ఇచ్చిన వివరణ మాత్రం తప్పు. రాగిలో కాసేపు అయస్కాంతత్వం పుడుతుందని, అది కాస్త ఆలస్యంగా మారుతుంది కాబట్టి పళ్ళెం లాగబడుతుందని వాళ్ళు అనుకున్నారు.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, జవాబు వాళ్ళ చేతుల్లోనే ఉంది. పళ్ళేన్ని మధ్య నుంచి అంచు దాకా చీల్చి చూశారు, లాగుడు తగ్గింది. ఆ చీలికల్ని లోహంతో అతికించారు, లాగుడు తిరిగొచ్చింది. చీలిక అడ్డం వస్తే ఆగిపోయేదీ, అతుకు వేస్తే మళ్ళీ సాగేదీ పళ్ళెంలో పారే కరెంటు తప్ప ఇంకేమవుతుంది? ఆ మాట అనడానికి 1831 దాకా ఆగాల్సి వచ్చింది, ఫారడే రావాల్సి వచ్చింది. అయస్కాంత క్షేత్రం లోహాన్ని దాటుకుంటూ పోతే ఆ లోహంలో కరెంటు దానంతట అదే పుడుతుంది. ఆ కరెంటు మీద అదే క్షేత్రం బలం చూపి, లోహాన్ని తన వెంట లాక్కుపోతుంది. రోటర్‌కు తీగలు అక్కర్లేనిది ఇందుకే. ఇంకో ముఖ్యమైన సంగతి: రోటర్ ఎన్నటికీ క్షేత్రాన్ని అందుకోలేదు. అందుకుంటే క్షేత్రం కడ్డీలను దాటడం ఆగిపోతుంది, కరెంటూ పోతుంది, లాగుడూ పోతుంది. 16 ధ్రువాల ఫ్యానులో క్షేత్రం నిమిషానికి 375 చుట్లు తిరిగితే, రెక్కలు ఎప్పుడూ అంతకంటే కాస్త తక్కువే తిరుగుతాయి.

అయితే ఫ్యానులో అయస్కాంతాన్ని తిప్పేదెవరు? మధ్య భాగం కదలదని ముందే అనుకున్నాం. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ ఘట్టమే. 1885లో ఇటలీలోని ట్యూరిన్‌లో గెలీలియో ఫెర్రారిస్ రెండు తీగచుట్టలను ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టి రెండింటికీ ఏసీ కరెంటు ఇచ్చాడు. కాకపోతే ఒక చుట్టలో కరెంటు తారస్థాయికి చేరాక పావు ఆవర్తనం ఆగి రెండో చుట్టలో చేరేలా చూశాడు. మొదటి చుట్ట అయస్కాంతత్వం తగ్గుతుంటే రెండోదానిది పెరుగుతుంది. రెండోది తగ్గేసరికి మొదటిది ఎదురు దిశలో పెరుగుతుంది. రెండూ కలిసిన క్షేత్రం చుట్టూ తిరిగి వస్తుంది, చుట్టలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మధ్యలో పెట్టిన రాగి స్తూపం తిరగడం మొదలుపెట్టింది.

ఇంత సాధించిన మనిషి 1888లో దాన్ని ప్రకటిస్తూ, ఇది పరిశ్రమలకు పనికిరాదని తేల్చాడు! క్షేత్రం వేగంలో సగం వేగంతో తిరిగినప్పుడు స్తూపం అత్యధిక శక్తినిస్తుందని ఆయన లెక్క. ఆ వేగంలో రోటర్‌కు అందిన శక్తిలో సగం వేడిగా పోతుంది. లెక్క తప్పు కాదు. కానీ మోటారును ఆ వేగంలోనే నడపాలని ఎవరన్నారు? రోటర్ నిరోధం తగ్గిస్తే అది క్షేత్రం వేగానికి దగ్గర దగ్గరగా తిరుగుతుంది, వేడిగా పోయేది కొద్దిగానే ఉంటుంది. ఆ ఏడాదే అమెరికాలో టెస్లాకు పేటెంట్లు వచ్చాయి. ఫెర్రారిస్ వ్యాసం చదివి అందులోని పొరపాటు పట్టుకున్న డొలీవో-డొబ్రొవోల్‌స్కీ 1889లో బెర్లిన్‌లో పంజరం లాంటి రోటర్‌తో మూడు ఫేజుల మోటారు చేశాడు. మన ఫ్యానులోని అల్యూమినియం కడ్డీలు ఆ పంజరానికి వారసులే.

ఇక కండెన్సర్. ఇంటికి వచ్చేది ఒకే ఫేజు. ఫెర్రారిస్‌కు కావలసిన రెండో కరెంటు ఎక్కడిది? ఫ్యానులో రెండు వైండింగులు ఉంటాయి. ఒకదానికి కరెంటు నేరుగా వెళ్తుంది, రెండోదానికి కండెన్సర్ గుండా వెళ్తుంది. కండెన్సర్ ఉన్న దారిలో కరెంటు ముందుగా తారస్థాయికి చేరుతుంది. మన కరెంటు ఒక ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, ఆ ముందడుగు ఆదర్శంగా 5 మిల్లీసెకన్లు. ఏ వైండింగ్ ముందో తేలితే క్షేత్రం ఎటు తిరగాలో తేలుతుంది. ఫ్యానుకు దిక్కు చూపించేది ఆ 5 మిల్లీసెకన్లే.

కండెన్సర్ పోతే ఒక్క వైండింగే మిగులుతుంది. దాని క్షేత్రం ఒకే గీత మీద పెరిగి, తగ్గి, తిరగబడుతుంది తప్ప తిరగదు. మూలుగు దానిదే, సెకనుకు 100 సార్లు. ఈ ఊగే క్షేత్రంలో రెండు తిరిగే క్షేత్రాలు దాగి ఉన్నాయి! గుడి చుట్టూ ఒకే వేగంతో ఇద్దరు నడుస్తున్నారనుకోండి, ఒకరు కుడి నుంచి, ఒకరు ఎడమ నుంచి. గుడి ముందు ఇద్దరూ ఒకచోట ఉంటారు, బలం రెట్టింపు. పక్కలకు వచ్చేసరికి చెరో వైపూ ఉంటారు, బలం సున్నా. వెనక మళ్ళీ కలుస్తారు, బలం ఎదురు దిశలో రెట్టింపు. బయటికి కనబడేది ముందు వెనకల ఊగడమే.

ఆగి ఉన్న రోటర్‌ను ఈ రెండు క్షేత్రాలూ సమానంగా చెరో వైపు లాగుతాయి, అందుకే కదలదు. కర్రతో కుడికి తోశారు. కుడి క్షేత్రంతో దాని వేగపు తేడా తగ్గింది, ఎడమ క్షేత్రంతో పెరిగింది. తేడా ఎక్కువున్న ఎడమదే గట్టిగా లాగాలి కదా అనిపిస్తుంది. అలా జరగదు. రోటర్ వేగం అందుకునేకొద్దీ ఎడమ క్షేత్రం దాని కడ్డీల్లో పుట్టించే కరెంటు సెకనుకు 100 ఆవర్తనాల వైపు పోతుంది. అంత వేగంగా మారే కరెంటు తనను పుట్టించిన క్షేత్రం కంటే బాగా వెనకబడుతుంది. అది తారస్థాయికి వచ్చేసరికి క్షేత్రం దాటిపోయి ఉంటుంది. కరెంటు ఉంటుంది, పట్టు ఉండదు. కుడి క్షేత్రం గెలుస్తుంది. ఎడమకు తోస్తే ఇదే కథ ఎడమ వైపు జరుగుతుంది. అమ్మా, మీ ఫ్యానుకు దిక్కు చెప్పింది మీ చీపురు కర్రే. చేత్తో మాత్రం తోయకండి.

ఉపయోగాలంటారా? ఫ్యాను మునుపటి కంటే నెమ్మదిగా తిరుగుతుంటే, రీవైండింగ్ చేయించాలని ఎవరైనా అంటే, ముందు కండెన్సర్ మార్పించి చూడండి. చాలా ఫ్యాన్లలో ఉండేది 2.5 మైక్రోఫారడ్‌ది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని విలువ పడిపోతుంది, ఫ్యాను వేగమూ పడిపోతుంది. చిన్న డబ్బీతో పోయేదానికి వందలకు వందలు ఖర్చు పెట్టిస్తున్నారు. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఈ కండెన్సరే లేదు. క్షేత్రాన్ని తిప్పే పని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది, రోటర్‌కు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. కరెంటు సగం కూడా కాలదు, మంచిదే. బోర్డు పోతే మాత్రం కర్రకు పనిలేదు.

పొలంలో మూడు ఫేజుల మోటారుకు కండెన్సర్ అక్కర్లేదు, ఫేజులే ఒకదాని తర్వాత ఒకటి వచ్చి క్షేత్రాన్ని తిప్పుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందంటే మిగిలేది మళ్ళీ ఒకే గీత మీద ఊగే క్షేత్రం. ఆగి ఉన్న మోటారు మూలుగుతూ విపరీతంగా కరెంటు లాగి కాలిపోతుంది. నడుస్తున్నది మాత్రం అప్పటికే దిక్కు తెలిసింది కాబట్టి నడుస్తూనే వేడెక్కి కాలుతుంది. రీవైండింగ్ షాపులో మోటారు విప్పగానే మెకానిక్ 'ఫేజు పోయి కాలింది' అనడం రైతులకు తెలిసిందే. వైండింగులు స్టార్ కనెక్షన్‌లో ఉంటే రెండు ఫేజుల చుట్టలు నల్లగా మాడి, మూడో ఫేజు చుట్టలు కొత్త రాగిలా మెరుస్తుంటాయి. డెల్టాలో ఉంటే ఒక ఫేజు చుట్టలే మాడి, రెండు ఫేజులవి బాగుంటాయి.