జామకాయ మీద నెత్తురు

పిల్లలూ, ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో పాల్వంచ దాటితే రోడ్డుకు రెండు ప్రక్కలా అడవి కనిపిస్తుంది. ఆ అడవి అంచున ఒక ఊళ్ళో నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఒకనాడు మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఏడవ తరగతి కుర్రవాడొకడు జామకాయ కొరికాడు. తెల్లని గుజ్జు మీద ఎర్రని చార కనిపించింది. ప్రక్కవాళ్ళు నవ్వారు. వాడు కాయ పారేసి తల వంచుకున్నాడు.

నేను వాణ్ణి పిలిచి, "ఎన్నాళ్ళ నుంచిరా ఇలా?" అని అడిగాను.

"చాన్నాళ్ళయింది సార్. వేపపుల్ల వేస్తే నెత్తురొస్తున్నది. అందుకని పుల్ల మానేసి ఉత్త నీళ్ళు పుక్కిలిస్తున్నాను," అన్నాడు.

దెబ్బ తగిలినచోట మనం ఎవరినీ చెయ్యి వేయనివ్వం గదా! వాడూ అలాగే అనుకున్నాడు. కాని చిగుళ్ళ విషయంలో ఇది తలక్రిందుల లెక్క. మామూలుగా ఇలాంటి నెత్తురు పళ్ళు తోమినందువల్ల రాదు, సరిగా తోమనందువల్ల వస్తుంది. ఎలాగో చూద్దాం.

పన్ను నేలలో పాతిన పందిరి గుంజలాంటిది. దవడ ఎముక నేల అయితే, గుంజ మొదట్లో ఎగదోసిన మన్ను చిగురు. మనం తిన్న తరువాత పళ్ళ మీద, చిగురు అంచున జిగటగా పాచి పడుతుంది. అది ఉత్త తిండి మురికి కాదు. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ పట్నానికి చెందిన లీవెన్‌హుక్ అనే ఆయన తన పళ్ళ సందున ఉన్న పాచిని గీకి, తాను స్వయంగా తయారుచేసుకున్న భూతద్దంతో చూశాడు. అందులో సూక్ష్మమైన ప్రాణులు కదలాడుతున్నాయి! 1683లో ఆయన ఈ వింతను లండనులోని రాయల్ సొసైటీకి జాబు రాశాడు. ఆ ప్రాణులనే మనం నేడు బాక్టీరియా అంటున్నాం.

పాచిని రోజూ తీసివేయకపోతే చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే నెత్తురు కారుతుంది. ఇది మొదటి దశ. శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ మామూలుగా అవుతుంది. అశ్రద్ధ చేస్తే ఉమ్మిలోని ఖనిజాలు చేరి పాచి రాయిలాగా గట్టిపడుతుంది. దానినే గార అంటాం. గార బ్రష్షుకు రాదు, పుల్లకూ రాదు. రెండవ దశలో చిగురు పంటిని వదిలి, నడుమ సంచిలాంటి సందు ఏర్పడుతుంది. లోపలి ఎముక కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. నేల కోసుకుపోతే గుంజ నిలుస్తుందా? పన్ను కదులుతుంది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

ఈ జబ్బులో మోసమేమంటే, చాలాకాలం నొప్పే ఉండదు. ఆ కుర్రవాడికి ఇంత చెప్పిన నేనే మోసపోయాను! నా క్రింది పళ్ళ వెనుక గార పేరుకుంటున్నా, నొప్పి లేదు గదా అని ఊరుకున్నాను. యాభై అయిదో ఏట రెండు పళ్ళు ఊగసాగాయి. దంతవైద్యుని వద్దకు వెళ్ళేసరికి ఆ రెండింటికీ ఆలస్యమయింది, తీసివేయవలసి వచ్చింది. తక్కినవి దక్కాయి.

వైద్యం జబ్బు దశనుబట్టి ఉంటుంది. మొదట స్కేలింగు చేసి గార తీస్తారు. సందులు లోతుగా ఉంటే మత్తుమందు ఇచ్చి, చిగురు లోపల వేరును కూడా శుభ్రం చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే చిగురును తెరిచి శస్త్రచికిత్స చేస్తారు; వీలున్నచోట ఎముకపొడి అమరుస్తారు. నిలవని పంటిని తీసి, కట్టుడు పన్ను పెడతారు. ఖమ్మంలో దంతవైద్య కళాశాల ఉన్నది గాని, భద్రాచలం నుంచి అది 100 కిలోమీటర్లకు పైగా దూరం. అందుచేత జబ్బు ముదరకముందే వెళ్ళడం మేలు.

"గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అనే మాట నమ్మకండి. వదులయిన పళ్ళను అంతవరకు గార కప్పి ఉంచిందన్నమాట!

పెద్దలకు ఒక మాట. మన అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లాల్లో ఆరబెడతారు. అది బీడీ ఆకు. బీడీ, చుట్ట, ఖైనీ, ఏదైనా సరే పొగాకు చిగుళ్ళకు శత్రువు. పైగా పొగ త్రాగేవారికి చిగుళ్ళు జబ్బుపడినా నెత్తురు అంతగా కనపడదు. హెచ్చరిక గంట మూగబోతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ వ్యాధి చిగుళ్ళను చెరుపుతుంది, చిగుళ్ళ జబ్బు చక్కెరను అదుపు తప్పిస్తుంది.

ఉసిరికాయ మంచిదే, సి విటమిను లోపించినా చిగుళ్ళు నెత్తురు కారతాయి. ఉప్పునీటి పుక్కిలింత ఉపశమనం ఇస్తుంది. కాని ఈ రెండూ గారను కరిగించలేవు. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటిని అరగదీస్తాయి. మెత్తని బ్రష్షుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు చిగురు అంచు వెంట మెల్లగా తోమాలి. వేపపుల్ల వాడేవారు కొసను బాగా నమిలి కుంచెలా చేసుకుని, లోపలి ప్రక్కను, దవడపళ్ళను మరవకూడదు.

ఇక ఆ కుర్రవాడి సంగతి. మెత్తని బ్రష్షు కొనిపించి, నెత్తురు వచ్చినా మానవద్దని చెప్పాను. రెండు వారాలకు వాడు జామకాయ కొరికి, కొరికిన చోటు నాకు చూపించాడు. తెల్లగా ఉన్నది!

మీరూ ఈ రాత్రి ఒక బీట్‌రూట్ ముక్క నమిలి, నీళ్ళు పుక్కిలించి అద్దంలో చూసుకోండి. ఎరుపు అంటుకున్నచోట పాచి ఉన్నట్లు. ఆ తరువాత అద్దాన్ని అమ్మకు, నాన్నకు, తాతయ్యకు కూడా ఇవ్వండి.