సాండర్‌లో సగం గొట్టమే

లప్పం పట్టిన గోడలు, పాత తలుపులు నున్న చేద్దామని సాండర్ కొనేవాళ్లు ముందు వాట్లు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది వెనకాల గొట్టం తగిలించే మూతి. దుమ్ము లాగే యంత్రాన్ని శుభ్రత కోసం పెట్టుకునే హంగు అనుకుంటాం గానీ, సాండర్ చేసే పనిలో సగం దానిదే. రాండమ్ ఆర్బిట్ సాండర్ లోపల మోటారు ఇరుసు చివర, నడిమధ్యన కాకుండా రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిపి ఒక బేరింగ్ ఉంటుంది. ఉప్పు కాగితం అంటించే ప్యాడ్‌ను బిగించేది ఆ బేరింగ్‌కే. మోటారు నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే ప్యాడ్ అన్నిసార్లూ 5 మి.మీ. వ్యాసంతో చిన్న సున్నాలు చుడుతుంది. తన చుట్టూ తాను తిరగడానికి మాత్రం గేరంటూ ఏదీ లేదు. బేరింగ్ రాపిడి తిప్పబోతుంది, గోడ రాపిడి ఆపబోతుంది; ఆ పెనుగులాటలో ప్యాడ్ మెల్లగా, ఓ లెక్కంటూ లేకుండా తిరుగుతుంది. ఉప్పు కాగితం మీది ఏ గింజా పోయిన దారినే పదేపదే పోదు కాబట్టి గీతలు కంటికి ఆనవు. గోడ మీంచి ఎత్తితే మటుకు అడ్డు లేక ప్యాడ్ విపరీతమైన వేగం అందుకుంటుంది, తిరిగి ఆనించగానే గాటు పడుతుంది. దాన్ని ఆపేది ప్యాడ్ వీపును ఒరుసుకుంటూ ఉండే ఓ రబ్బరు వలయం. మొత్తం యంత్రంలో నాకు ముచ్చటైన భాగం అదే.

ఇంత ఏర్పాటూ గింజ గోడకు తగిలితేనే పనికొస్తుంది. మధ్యలో పొడి చేరితే గింజల సందులు పూడుకుపోయి కాగితం ఊరికే జారుతుంది. పొడి ఉండకట్టిన చోట మెలికల గీతలు పడతాయి. ప్యాడ్‌కు చిల్లులు పెట్టిందీ, ఆ తర్వాత జాలీలాంటి కాగితాలు వచ్చిందీ అందుకే. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉందిగా అంటారు. మెత్తటి లప్పం పొడి దాని ఫిల్టర్‌ను చూస్తుండగానే కప్పేస్తుంది. మోటారు మోత అలాగే ఉంటుంది, గాలి పారడం తగ్గిపోతుంది. దుమ్మును మోసుకెళ్లేది ఆ పారే గాలే. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఎం-క్లాస్ అనే తరగతికి చెందిన దుమ్ము లాగే యంత్రం గొట్టంలో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కన్నా తగ్గితే హెచ్చరించాలి. అలాగని లాగుడు మరీ ఎక్కువైనా ప్యాడ్ గోడకు అతుక్కుపోతుంది, కాబట్టి తగ్గించుకునే వీలున్నది కొనాలి.

మాస్కు చాలదా అన్నది గట్టి ప్రశ్నే. పని చేసేటప్పుడు మంచి మాస్కు ఎలాగూ తప్పదు. కానీ కదలని గాలిలో ఒక మైక్రాన్ లప్పం రేణువు రెండు మీటర్లు కిందికి దిగడానికి ఏడు గంటల దాకా పడుతుంది. మాస్కు తీసేసి పిల్లలతో సహా అందరూ ఆ గదిలోకి వచ్చాక కూడా అది తేలుతూనే ఉంటుంది. తలుపుల సంగతికొస్తే, కలప దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) 1995లోనే చేర్చింది. ఒక్క గది కోసం దుమ్ము లాగే యంత్రానికి అంత ఖర్చెందుకంటే ఒప్పుకుంటాను. దొరికితే అద్దెకు తెచ్చుకోవచ్చు, చేత్తో రుద్దుకోవచ్చు. అయితే ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అది లేదని పరీక్షలో తేలేదాకా ఆ తలుపు మీద సాండర్ పెట్టకూడదు, పొడిగా అసలే రుద్దకూడదు.