సహం తోటలలో మోటారు సైకిలు: కొత్తగా నడుపువారు తెలిసికొనవలసిన సంగతులు

ఒమాను దేశమున బాతినా యను సముద్రతీర ప్రాంతము కలదు. ఒక ప్రక్క సముద్రము, మఱియొక ప్రక్క హజరు పర్వతములు. నడుమనున్న మైదానమున ఖర్జూరపు తోటలు, నిమ్మతోటలు, మామిడిచెట్లు, పశువుల మేతకై పెంచెడు గడ్డిమళ్లు. సొహారు పట్టణమునకు ఆగ్నేయముగా నీ తీరముననే సహం ఉన్నది. తోటలు ఊరినుండి లోపలికి దూరముగా నుండును. కూలివాని గుడిసె తోటలోనే. అంగడి, వైద్యశాల, ఇంటికి సొమ్ము పంపెడు కచేరి రాజమార్గము ప్రక్కన. ఈ దూరమును నడచి పోవుటకు ఎండ యడ్డు. ఆ దేశపు ప్రభుత్వము జూను మొదలు ఆగస్టు వఱకు మధ్యాహ్నము పండ్రెండున్నర మొదలు మూడున్నర వఱకు బయట పని చేయింపరాదని శాసించియున్నదనిన, ఆ యెండ యెట్టిదో చదువరు లూహింపవచ్చును. కావున నాలుగు రియాళ్లు కూడబెట్టిన పనివానికి మొదట కలుగు కోరిక మోటారు సైకిలు.

కోరిక తప్పు కాదు. అయితే బండి కొనుటకు ముందు మూడు ప్రశ్నలకు జవాబు కావలెను: నడుపుటకు అనుమతి కలదా? బండి ఎవరి పేరనున్నది? దెబ్బ తగిలినయెడల ఎవరు చెల్లింతురు? మన వారిలో అనేకులు ఈ ప్రశ్నలను బండి కొన్న పిమ్మట, కొందఱు దెబ్బ తగిలిన పిమ్మట అడుగుచున్నారు.

మొదటి సంగతి అనుమతి పత్రము. నిజామాబాదులోనో, కడపలోనో, కోనసీమలోనో పొందిన లైసెన్సు జేబులో నున్నంతమాత్రమున, ఒమానులో నివాసపు చీటిపై పని చేయువాడు బండి నడుపుటకు వీలు లేదు. రాయల్ ఒమాన్ పోలీసువారు పెట్టెడు పరీక్షలో నెగ్గి అచ్చటి లైసెన్సు పొందవలెను. కారు లైసెన్సు వేఱు, మోటారు సైకిలు లైసెన్సు వేఱు. తోట యజమాని దయ గలవాడై "నా బండి తీసికొని పొమ్ము" అని తాళపుచెవి చేతికిచ్చినను, ఆ దయ పోలీసువారి యెదుటను బీమావారి యెదుటను చెల్లదు.

ఈ పరీక్షను వట్టి లాంఛనమని తలంపరాదు. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కను నడచును. ఒమానులో కుడి ప్రక్కను. పదియేండ్లు ఎడమ ప్రక్కను నడిపిన చేయి, కన్ను, మెడ అలవాటు చొప్పున తిరుగును. రోడ్డు దాటునపుడు మొదట కుడివైపు చూచుట మనకు పుట్టుకతో వచ్చినట్లుండును. అచ్చట మొదటి బండి ఎడమనుండి వచ్చును. సహం, సొహారు ప్రాంతములలో గుండ్రని కూడలులు పెక్కులు. అచ్చట బండ్లు ఎడమకు తిరుగక కుడిమార్గము పట్టి కూడలిని చుట్టివచ్చును. లోపల తిరుగుచున్న బండికి, అనగా ఎడమనుండి వచ్చెడిదానికి, దారి నియ్యవలెను. పగలు పదిమంది వెంట పోవునపుడు ఎవడును పొరపాటు పడడు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డుపైకి తోటనుండి ఒంటరిగా వచ్చునపుడు, ముందు ఏ బండియు దారి చూపనపుడు, చేయి తన పాత ప్రక్కకే పోవును. సెలవుమీద ఇంటికి వచ్చిన వానికిని ఇదే అపాయము తలక్రిందుగా నుండును. రెండేండ్లు కుడిని నడిపినవాడు ఊరు చేరిన మొదటి వారమున తమ్ముని బండి నెక్కి పంటకాలువ గట్టున పోవునపుడు ఇంటివారు కొంచెము జాగ్రత్త చెప్పుట మంచిది.

ఇక బండి నెన్నుకొనుట. కొత్తవాని కన్ను మొదట పెద్ద బండిమీద పడును. ఇంజనుయొక్క పరిమాణమును సీసీలతో కొలుతురు. నూఱు మొదలు నూటయిరువదియైదు సీసీల బండి తోటనుండి ఊరికి పోయి వచ్చుటకు చాలును. సీటుమీద కూర్చుండి రెండు పాదములను నేలమీద పూర్తిగా ఆనింపగలుగుట ముఖ్యము. మునివ్రేళ్లు మాత్రమే తాకిన బండి ఇసుకలో నాగినపుడు ఒరుగును. ఒరిగిన బండిని ఒంటరిగా లేపలేనివాడు ఆ బండిని కొనరాదు. తరువాత చూడవలసినది సహములోగాని సొహారులోగాని దానిని బాగుచేయు మేస్త్రి యున్నాడా, సామాను దొరకునా యనునది. ఎంత మంచి బండియైనను గొలుసు తెగి నెల దినములు గుడిసె ప్రక్క నిలిచినయెడల దానికంటె కాలినడక మేలు.

పాత బండి కొనువారు ఇంజను చల్లగా నున్నపుడే చూడవలెను. అమ్మువాడు ముందుగానే నడిపి వేడిచేసి యుంచినచో సందేహింపవలెను, ఏలయనగా చల్లని యింజను మొరాయింపు వేడిమిలో దాగును. గొట్టమునుండి నీలపు పొగ వచ్చినచో ఇంజనులో చమురు కాలుచున్నదని యర్థము. గొలుసు తిరుగు పండ్లచక్రముయొక్క పండ్లు కొక్కెములవలె వంగియున్నచో గొలుసును చక్రమును రెంటిని మార్చవలసి వచ్చును. ఆ ఖర్చును వెలలో తగ్గింప నడుగవలెను. టైరు ప్రక్కను నాలుగంకెల గుర్తొకటి యుండును. 2319 అని యున్నచో 2019 వ సంవత్సరపు 23 వ వారమున అది తయారైనదని తెలియవలెను. గాడులు లోతుగా నున్నను, ఏండ్ల తరబడి ఆ యెండకు మాడిన రబ్బరు బీటలు వాఱి పగులును.

బాతినా తీరమున మఱియొక పరీక్ష కూడ కావలెను. 2021 అక్టోబరు 3 వ తేదీని షాహీను అను తుపాను ఈ తీరమును తాకినది. సహమునకు పొరుగుననున్న ఖబూరా, సువైఖు ప్రాంతములు నీట మునిగినవి. తోటలు, ఇండ్లు, బండ్లు బురద పాలైనవి. నీట మునిగి తేలిన బండ్లు కడిగి రంగువేయబడి చేతులు మారుచుండును. వేగము చూపు గడియారపు అద్దము లోపల బురద చాఱలు, సీటు క్రింది మరలకు త్రుప్పు, తీగల ముడులలో పచ్చని చిలుము కనబడినచో ఆ బండిని విడిచిపెట్టవలెను. తన బండియే నీట మునిగినయెడల తొందరపడి కాలితో కొట్టి నడుపరాదు. నీరు చేరిన యింజను బలవంతముగా తిరిగినచో లోపలి కడ్డీ వంగును. మేస్త్రి దానినుండి నీటిని, పాడైన చమురును తీసివేసిన పిమ్మటనే నడుపవలెను.

సంరక్షణ గొప్ప విద్య కాదు, అలవాటు. ఆ ప్రాంతమున బండికి ముగ్గురు శత్రువులు: ఇసుక, ఉప్పుగాలి, ఎండ. ఇసుక గాలిజల్లెడలో నిండి ఇంజనుకు ఊపిరాడకుండ చేయును. గొలుసుమీది చమురుతో కలిసి ఆకురాయివలె దానిని అరగదీయును. కావున తోటదారిలో తిరుగు బండి గొలుసును గుడ్డతో తుడిచి పిమ్మట చమురు వేయవలెనే గాని, మట్టిమీదనే చమురు పోయరాదు. మట్టిమీద చమురు పోయుట గాయమును కడుగక కట్టు కట్టుటవంటిది. గొలుసు మిక్కిలి బిగువుగాను నుండరాదు, మిక్కిలి వదులుగాను నుండరాదు. చిన్న బండ్లలో నడిమిభాగము సుమారు రెండు మూడు సెంటీమీటర్లు పైకి క్రిందికి ఆడవలెను. సరియైన కొలత బండితో వచ్చిన పుస్తకములో నుండును. ఉప్పుగాలి బ్రేకుతీగలను, బ్యాటరీ కొనలను తినును. ఎండ టైరులోని గాలిని ఉబ్బించును. కావున గాలిని తెల్లవారుజామున, బండి చల్లగా నున్నపుడు కొలిచి నింపవలెను. మధ్యాహ్నము కొలిచి ఎక్కువగా నున్నదని తీసివేసినచో రాత్రికి టైరు మెత్తబడును. పెట్రోలు బంకులలో 91, 95 అను రకములు అమ్ముదురు. సామాన్యమైన చిన్న బండికి పుస్తకములో 91 చాలునని యున్నచో, ఎక్కువ వెల పెట్టి 95 పోసినంతమాత్రమున బలము రాదు. ఆ సొమ్ముతో వేళకు ఇంజను చమురు మార్చుట లాభము.

బయలుదేరుటకు ముందు రెండు బ్రేకులు, ముందు దీపము, వెనుక దీపము చూచుకొనవలెను. వెనుక దీపము లేని బండి రాత్రివేళ రాజమార్గముమీద కనబడదు. దాని వెనుక వచ్చు లారీకి అది కనబడునప్పటికి కాలము మించిపోవును. కొండలలో వాన కురిసినపుడు ఎండిన వాగులు నిమిషములలో పొంగును. అచ్చట వాగును "వాది" యందురు. పాఱుచున్న వాదిలో బండిని దింపుట ప్రాణాపాయమే గాక ఆ దేశపు శాసనప్రకారము శిక్షార్హమైన నేరము కూడ.

ఇప్పుడు బీమా సంగతి. ఈ మాట వినగానే అనేకులు తమ బండి పాడైనచో సొమ్ము వచ్చునని తలంతురు. చట్టము నిర్బంధించు బీమా దానికొఱకు గాదు. మన బండివలన దెబ్బ తిన్న పరునికొఱకు. దీనినే మూడవ పక్షపు బీమా యందురు. మోషే ధర్మశాస్త్రమున కొత్త యిల్లు కట్టువాడు ఎవడును పడిపోకుండునట్లు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని యున్నది. పొడుచు ఎద్దని యెరిగియు కట్టివేయని యజమాని మీద దోషము మోపబడినది. బ్రేకు పట్టదని యెరిగియు బండిని రోడ్డుమీదికి తెచ్చువాడు ఆ యెద్దు యజమానివంటివాడే.

ఒమానులో బీమా లేక బండి ముల్కియా, అనగా రిజిస్టరు కార్డు, పొందుటకు గాని తిరిగి చెల్లుబాటు చేసికొనుటకు గాని వీలు లేదు. ముల్కియామీది తేదీని, చాసిస్ అంకెను బండిమీది అంకెతో పోల్చి చూడక సొమ్ము చెల్లింపరాదు. లైసెన్సు లేనివాడు నడిపి ఒకనికి దెబ్బ తగిలించినచో, బీమావారు గాయపడినవానికి చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టుకొను హక్కు గలవారు. తోటపని చేయువాని జీతములో ఆ ఋణము ఎన్ని సంవత్సరములకు తీరునో ఎవరికి వారే లెక్కించుకొనవచ్చును. అపాయము కలిగినపుడు పోలీసువారిని 9999 అను అంకెకు పిలువవలెను. భయపడి పారిపోవుటచేత చిన్న కేసు పెద్దదగును.

ఇంటివద్ద నున్నవారికిని ఈ సంగతి కావలెను. సెలవుమీద వచ్చి బండి కొను ఆచారము మన పల్లెలలో మిక్కుటము. 2022 లో భారతదేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనములమీద పోవువారు. కొత్త ద్విచక్ర వాహనమునకు అయిదేండ్ల మూడవ పక్షపు బీమా ఒకేసారి తీసికొనవలెనను నియమము 2018 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అయిదేండ్ల చీటి చూచి అయిదేండ్లు సమస్తమునకు రక్షణ యున్నదని యిల్లాండ్రు నమ్ముచున్నారు. బండి దొంగిలింపబడినను కాలిపోయినను ఆ చీటిపై పైసా రాదు. దానికి వేఱు బీమా కావలెను. వెనుక కూర్చున్నవారి సంగతి మఱింత విచారకరము. చట్టము కోరినంతమాత్రపు బీమా వెనుక కూర్చున్నవానికి వర్తింపదని 2006 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని సంతకు పోవువాడు, ఆమెకు రక్షణ కలదా యని చీటిలో చూపించుకొని మఱి సంతకము పెట్టవలెను. బండి యజమానికి పదునైదు లక్షల రూపాయల స్వంత ప్రమాద బీమా కూడ విధింపబడినది గాని, చెల్లుబాటగు లైసెన్సు లేనివానికి అది నిరర్థకము.

పాత బండిని అమ్మి దుబాయికో మస్కటుకో వెళ్లిపోవువారు ఒక సంగతి మఱువరాదు. రిజిస్టరులో పేరు మారనంతవఱకు పాత యజమానియే యజమాని యని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిర్ణయించినది. చేతులు నాలుగు మారిన బండి ఒకని ప్రాణము తీసినను, నష్టపరిహారపు నోటీసు మొదటివాని తలుపునకే వచ్చును. అతడు సహములో ఖర్జూరములు కోయుచుండగా, తల్లి ఆ నోటీసును చదివించుకొనవలసి వచ్చును.

పోవుటకు అనుమతి ముద్ర కావలసిన పాస్‌పోర్టు గలవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన యను మఱియొక రక్షణ కలదు. 2017 లో సవరింపబడిన ప్రకారము రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించిన పనివానికి, ప్రమాదవశమున మరణించినను శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను పది లక్షల రూపాయల బీమా ఏర్పడినది. ఏజెంటు కాగితముల కట్టలో ఈ చీటి యుండును. అనేకులు దాని పేరైనను ఎరుగరు. గడువు తీరినచో దానిని పొడిగించుకొనవచ్చును. రెండవసారి వీసా మార్చుకొని నిలిచిపోయినవారే దీనిని ఎక్కువగా మఱచుచున్నారు.

ఈ చీటియొక్క, లైసెన్సుయొక్క, ముల్కియాయొక్క, బండి బీమాయొక్క నకళ్లు రెండేసి తీయవలెను. ఒకటి గుడిసెలో, రెండవది ఇంటికి. ఇంటివద్ద ఎవరి పేర సొమ్ము రావలెనో ఆ మనిషి చేతికే యియ్యవలెను. మూలపత్రములను బండి సీటు క్రింద దాచుట కొందఱి యలవాటు. బండి పోయిననాడు అవియు పోవును.